పట్టాల కింది నేల: వేవర్లీ లైన్ మూసివేతపై ఒక కేస్ స్టడీ

రవాణా ప్రణాళిక పనిలో చేరిన కొత్తలో, నష్టాల్లో నడుస్తున్న ఒక చిన్న లైన్ మీద నోట్ రాయమన్నారు. స్టేషన్ల వారీగా ఎక్కినవాళ్లెందరు, దిగినవాళ్లెందరు, టికెట్ల మీద వచ్చిందెంత, జీతాలకూ మరమ్మతులకూ పోయిందెంత అని నాలుగు కాలమ్స్ వేసి, కింద గీత గీసి, తేడా రాసి ఇచ్చాను. మా పెద్దాయన అది చూసి ఒక్కటే అడిగారు. "రైలు ఆపాక ఆ పట్టాల కింది నేలను ఏం చేస్తారో రాయలేదేం?" అది నా పని అని నాకు తట్టలేదు. "ఆస్తుల వాళ్లు చూసుకుంటారు కదా సార్" అన్నాను. ఆయన వాదించలేదు. వేవర్లీ లైన్ సంగతి చదువుకుని రమ్మన్నారు.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నుంచి సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లోని కార్లైల్ దాకా వెళ్లిన 98 మైళ్ల లైన్ అది. 1969 జనవరిలో మూసేశారు. 2015 సెప్టెంబరులో అందులో ఉత్తరం వైపు మూడో వంతు మాత్రం మళ్లీ తెరిచారు. మూతకీ తెరపుకీ మధ్య 46 ఏళ్లు. ఒకే చోట మూయడం వల్ల ఏమైందో, తెరవాలంటే ఏమవుతుందో రెండూ కనిపించే కేసులు మా రంగంలో తక్కువ. అందుకే నా కింద ఎవరు కొత్తగా చేరినా ఇదే చదవమంటాను.

లైన్, దాని పిల్ల లైన్లు

ఎడిన్‌బరో నుంచి హాయిక్ దాకా 1849లో, అక్కడి నుంచి కార్లైల్ దాకా 1862లో పూర్తయింది. వాల్టర్ స్కాట్ నవలల పేరే లైన్‌కి పెట్టారు, ఆయన ఉన్నది ఆ ప్రాంతంలోనే కాబట్టి. గాలషీల్స్, మెల్రోజ్, సెయింట్ బాస్‌వెల్స్, హాయిక్ మీదుగా కొండల్లోకి ఎక్కి, విట్రోప్ దగ్గర సొరంగంలోంచి దాటి, న్యూకాసిల్టన్ మీదుగా కిందికి దిగేది. దారిలో ఉన్నవన్నీ ఉన్ని మిల్లుల ఊళ్లు, గొర్రెల పెంపకం ఉన్న లోయలు. మిల్లులకు బొగ్గు వచ్చిందీ, నేసిన ట్వీడ్ బయటికి పోయిందీ ఈ లైన్ మీదే.

మూసివేత కథ ఎవరు చెప్పినా 1963తో మొదలుపెడతారు. నేను ఇంకా వెనక్కి వెళ్తాను. 1948 ఆగస్టు వరదల్లో జెడ్‌బరో పిల్ల లైన్ కొట్టుకుపోతే, ప్రయాణికుల రైళ్లను మళ్లీ నడపలేదు. సెల్కర్క్ లైన్‌లో ప్రయాణికుల రైళ్లు 1951లో ఆగాయి. పీబుల్స్ లైన్ 1962లో పోయింది. కెల్సో, లాంగ్‌హోమ్ 1964లో పోయాయి. వీటిలో ఏ ఒక్కదాన్నీ విడిగా చూస్తే తప్పు పట్టలేం, అన్నీ చిన్నవే, అన్నీ నష్టాలే. కానీ ఇవన్నీ పెద్ద లైన్‌కి నీళ్లు తెచ్చే పిల్లకాలవలు. వాటిని ఒక్కొక్కటిగా పూడ్చుకుంటూ పోయి, చివరికి పెద్ద కాలవలో నీళ్లు తగ్గాయని రాశారు.

ఇందులో అప్పటి లెక్కల్లో పెద్ద పొరపాటు ఒకటుంది. చిన్న స్టేషన్‌లో ఎక్కినవాడు అక్కడే దిగడు. వాడు పెద్ద లైన్‌లోకి వెళ్లి వంద మైళ్లు ప్రయాణిస్తాడు, ఆ డబ్బు పెద్ద లైన్ ఖాతాలో పడుతుంది. చిన్న స్టేషన్ మూసేస్తే వాడు కారులో పెద్ద స్టేషన్ దాకా వచ్చి రైలెక్కుతాడని అనుకున్నారు. కారులో కూర్చున్నవాడు మధ్యలో ఎందుకు దిగుతాడు? ఎక్కడికి పోవాలో అక్కడి దాకా కారులోనే పోయాడు.

ఒక వారం లెక్క

డాక్టర్ రిచర్డ్ బీచింగ్ రసాయనాల పెద్ద కంపెనీ ఐసీఐ నుంచి వచ్చి బ్రిటిష్ రైల్వేస్ బోర్డు ఛైర్మన్ అయ్యారు. ఏడాదికి 24,000 పౌండ్ల జీతం, ఆ రోజుల్లో అదే పెద్ద వార్త. రైల్వే నష్టం 1962లో పది కోట్ల పౌండ్లు దాటింది. అప్పటి రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్‌కి రోడ్లు వేసే కంపెనీతో సంబంధం ఉండేది. ఆ అనుమానం జనంలో ఇప్పటికీ పోలేదు. దాని జోలికి నేను పోను, కేసు అర్థం కావడానికి అది అక్కర్లేదు.

1963 మార్చి 27న బీచింగ్ నివేదిక బయటికి వచ్చింది. 2,363 స్టేషన్లు, సుమారు 5,000 మైళ్ల మార్గం మూసేయాలన్నది సిఫార్సు. వేవర్లీ లైన్ ప్రయాణికుల రైళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. నివేదికలో నాకు నచ్చే అంశం ఒకటుంది, దాచుకోను. అంతకుముందు రైల్వేకి తన డబ్బు ఏ లైన్ మీద పోతోందో సరిగ్గా తెలియదు. మార్గంలో మూడో వంతు మీద మొత్తం ప్రయాణాల్లో ఒక్క శాతమే సాగుతోందని, స్టేషన్లలో సగం కలిపినా ప్రయాణికుల ఆదాయంలో రెండు శాతమే వస్తోందని బీచింగ్ చూపించాడు. ఆ మాట ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

లోపం కొలతలో ఉంది. ఆ లెక్కలకు ఆధారం 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం సర్వే. సెలవుల్లో జనం తిరిగే ఊరికి ఏప్రిల్ వారంలో ఏం లెక్క వస్తుంది? సంతల కాలం, వేసవి, మంచు పడి రోడ్లు మూసుకుపోయే నెలలు, ఏవీ ఆ వారంలో లేవు. పైగా 1961లో బ్రిటన్‌లో దాదాపు మూడింట రెండొంతుల ఇళ్లకు కారు లేదు. ఆ ఇళ్లకు బదులుగా చూపించింది బస్సు.

ఇంకోటి చూడండి. 1960ల తొలి ఏళ్లలోనే ఈ లైన్‌కి అటు ఎడిన్‌బరో పక్కన మిల్లర్‌హిల్‌లో, ఇటు కార్లైల్ పక్కన కింగ్‌మూర్‌లో గూడ్స్ బండ్లను విడదీసి కలిపే పెద్ద యార్డులు కొత్తగా కట్టారు. 1955 ఆధునికీకరణ పథకం డబ్బు అది. రెండు చివర్లా కొత్త గుమ్మాలు పెట్టించి, నడిమి ఇల్లు కూల్చడానికి సంతకం పెట్టినట్టయింది. అదే కాలంలో స్కాట్లాండ్ అభివృద్ధి ప్రణాళిక చూసేవాళ్లు ఈ లైన్ వెళ్లే సరిహద్దు జిల్లాల నుంచి, అంటే బోర్డర్స్ ప్రాంతం నుంచి జనం వలసపోతున్నారని, జనాభా పెంచాలని రాస్తున్నారు. రెండు విభాగాలు, రెండు ఫైళ్లు, ఊళ్లు మాత్రం ఒకటే.

విచారణలో మాట్లాడనివ్వని మాట

1962 చట్టం ప్రకారం, ప్రయాణికుల రైలు మూసేస్తామని నోటీసు ఇచ్చాక జనం అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. వాటిని వినడానికి వినియోగదారుల సంప్రదింపుల కమిటీ ఉంటుంది. అయితే ఆ కమిటీ చూడాల్సింది ఒకటే, మూసేస్తే ఎవరికి ఎంత ఇబ్బంది అని. రైల్వే చూపిన నష్టం నిజమేనా, ఖర్చు తగ్గించి నడపొచ్చా, సిగ్నల్ మనుషుల్ని తగ్గిస్తే ఎంత మిగులుతుంది అని అడిగే అధికారం దానికి లేదు.

వేవర్లీ లైన్ మూసివేత ప్రతిపాదన 1966లో ప్రజల ముందుకు వచ్చింది. అభ్యంతరాలు వందల్లో వచ్చాయి. ఆసుపత్రికి ఎలా పోవాలి, పిల్లలు బడికి ఎలా పోవాలి, ఎడిన్‌బరోలో చదివే కొడుకు శనివారం ఎలా రావాలి. కమిటీ ఇవన్నీ విని ఇబ్బంది ఉందని చెప్పింది. కానీ ఇబ్బందిని పౌండ్లలోకి మార్చే పద్ధతి అప్పటికి లేదు. ఒక పక్క అంకె, మరో పక్క బాధ. మంత్రి బల్ల మీద ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

స్కాట్లాండ్ వ్యవహారాల మంత్రి విలియం రాస్ మూసివేతను వ్యతిరేకించారు. 1964 ఎన్నికల్లో పెద్ద మూసివేతలు ఆపుతామని చెప్పిన లేబర్ పార్టీదే ప్రభుత్వం. అయినా 1968 జులైలో రవాణా మంత్రి రిచర్డ్ మార్ష్ మూసివేతకు ఒప్పుకున్నారు. నాకు మింగుడుపడనిది ఆ తేదీ. ఆయన ముందున్న మంత్రి బార్బరా కాసిల్ తెచ్చిన రవాణా చట్టం అదే ఏడాది అక్టోబరులో ఆమోదం పొందింది. లాభం రాకపోయినా సమాజానికి అవసరమైన లైన్లకు గ్రాంటు ఇవ్వొచ్చని మొదటిసారి రాసింది ఆ చట్టంలోనే. మూడు నెలలు ఆగి ఆ కొలతతో కొలిచి ఉంటే జవాబు మారేదో లేదో, కనీసం ప్రశ్న మారేది.

హాయిక్‌లో మ్యాడ్జ్ ఇలియట్ అనే గృహిణి సంతకాలు సేకరించారు. 1968 డిసెంబరులో 11,678 సంతకాలతో లండన్ వెళ్లి ప్రధాని ఇంటి దగ్గర ఇచ్చి వచ్చారు. లైన్ ఆగలేదు.

ఆఖరి రాత్రి

1969 జనవరి 5 ఆదివారం రాత్రి ఎడిన్‌బరో నుంచి లండన్ వెళ్లే స్లీపర్ రైలే ఆఖరిది. హాయిక్‌లో ఉత్తుత్తి శవపేటిక తెచ్చి, మంత్రి మార్ష్ పేరు రాసి రైలెక్కించారు. న్యూకాసిల్టన్ చేరేసరికి ఊరి జనం లెవెల్ క్రాసింగ్ గేట్లు మూసి పట్టాల మీద నిలబడ్డారు. ఊరి చర్చి మినిస్టర్ బ్రైడన్ మేబన్‌ని పోలీసులు పట్టుకెళ్లారు. ఆ ప్రాంతం ఎంపీ డేవిడ్ స్టీల్ అదే రైల్లో ఉన్నారు. ఆయన దిగి, మినిస్టర్‌ని వదిలేస్తే జనం తప్పుకుంటారని పోలీసులతో ఒప్పందం చేశారు. రైలు సుమారు రెండు గంటలు ఆలస్యంగా కదిలింది.

ఈ ఘట్టం చదివినవాళ్లు ఆ రాత్రి దగ్గరే ఆగిపోతారు. నా ఉద్దేశంలో అసలు నిర్ణయం ఆ తర్వాతి వారాల్లో జరిగింది. ఆఖరి రైలు వెళ్లిన కొద్ది రోజులకే రిడింగ్స్ జంక్షన్ దగ్గర పత్రికలవాళ్లు చూస్తుండగా కొంత పట్టా పెకలించారు. లైన్ కొని తాము నడుపుతామని ఒక ప్రైవేటు బృందం రైల్వేతో బేరాలాడింది, అది కుదరలేదు. 1970ల తొలి ఏళ్లకల్లా పట్టాలు దాదాపు మొత్తం ఎత్తేశారు. తర్వాత నేల ముక్కలు ముక్కలుగా అమ్ముడైంది.

రైలు ఆపడం ఒక రోజు పని. మనసు మార్చుకుంటే మళ్లీ నడపొచ్చు. పట్టా ఎత్తడం కొన్ని నెలల పని, దానికీ మందు ఉంది, డబ్బు పోస్తే మళ్లీ వేసుకోవచ్చు. వరసగా 98 మైళ్లున్న నేలను వందమంది చేతుల్లో పెట్టాక మాత్రం దాన్ని మళ్లీ ఒక్కచోట చేర్చడానికి చట్టం కావాలి. ఈ మూడూ మూడు వేరు వేరు నిర్ణయాలు. వేవర్లీలో మూడింటికీ కలిపి ఒకే సంతకం చాలింది, మూడో దాని గురించి విచారణలో ఒక్కరినీ అడగలేదు.

ఊళ్లకు ఏమైంది

రికార్టన్ జంక్షన్‌తో మొదలుపెట్టాలి. కొండల మధ్య రెండు లైన్లు కలిసే చోట రైల్వే కట్టిన ఊరు అది. అందరూ రైల్వే కుటుంబాలే. బడి ఉంది, ప్లాట్‌ఫామ్ మీదే సహకార దుకాణం ఉంది, రోడ్డు మాత్రం లేదు. 1960లలో అడవి దారి ఒకటి వచ్చేదాకా లోపలికి వచ్చినా బయటికి పోయినా రైల్లోనే. రైలు పోయాక ఊరే పోయింది. గోడల ఆనవాళ్లు మిగిలాయి.

ఇలాంటి ఉదాహరణ చెప్పడం తేలిక, చూడగానే గుండె పట్టేస్తుంది. కానీ అలా రాత్రికి రాత్రి మాయమైనవి తక్కువ. మిగతా ఊళ్లలో జరిగింది నెమ్మది వ్యవహారం. హాయిక్‌నే తీసుకోండి. కార్లైల్ స్టేషన్ 40 మైళ్లకు పైన, ఎడిన్‌బరో 50 మైళ్లు. మిల్లులు మర్నాడే మూతపడలేదు, స్వెటర్లు లారీల్లో వెళ్లాయి. కొనుగోలుదారు ఒక పూటలో వచ్చి చూసి పోయే వీలు పోయింది. పై చదువుకు వెళ్లిన పిల్లలు వారం వారం రావడం మానేశారు, తర్వాత అక్కడే ఉద్యోగం చూసుకున్నారు. ఇందులో ఏ ఒక్కటీ లెక్కకు అందే సంఘటన కాదు. పదేళ్లకోసారి జనాభా లెక్కల్లో వయసుల పట్టిక చూస్తే అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ నన్ను నేనే అడ్డుకోవాలి. బోర్డర్స్ నుంచి వలస లైన్ మూయకముందే ఉంది. ఉన్ని పరిశ్రమ ప్రపంచమంతా కుంగింది. 1990ల చివర్లో గాలషీల్స్, సెల్కర్క్‌లలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు మూతపడి వందల ఉద్యోగాలు పోయాయి, దానికి రైలు కారణం కాదు. మరి రైలు పోవడం వల్ల పోయింది ఎంత? ఒక్క ఊరిని చూసి చెప్పలేం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు బ్రిటన్ మొత్తాన్ని తీసుకుని, లైన్లు పోయిన చోట్లనూ మిగిలిన చోట్లనూ పోల్చారు. 1950 నుంచి 1980 మధ్య రైలు అందుబాటు 10 శాతం తగ్గిన చోట, 1981 నాటికి జనాభా మిగతా చోట్లతో పోలిస్తే సుమారు 3 శాతం తక్కువగా తేలింది. పోయినవాళ్లలో చదువుకున్నవాళ్లు, కుర్రవాళ్లు ఎక్కువ. ఉండిపోయినవాళ్లలో పెద్ద వయసువాళ్లు ఎక్కువ.

మూడు శాతమేనా అంటారు కొందరు. ఏ మూడు శాతం అన్నది చూడాలి. వెళ్లగలిగినవాళ్లు వెళ్లాక, మిగిలినవాళ్లకే కారు లేదు, మిగిలినవాళ్లకే ఆసుపత్రి అవసరం. వాళ్ల కోసం నడిపే బస్సుకు సబ్సిడీ ఇచ్చేది స్థానిక కౌన్సిల్. రైల్వే ఖాతాలో ఆదా అయిన డబ్బు కొంత ఈ దారిన ఇంకో ఖాతాలో ఖర్చుగా తేలింది. రెండు ఖాతాలూ ఒకే పేజీలో ఎవరూ రాయలేదు.

బదులు బస్సుల సంగతి ఎక్కువ చెప్పను. రైలంత వేగం లేదు, రైలు టైముతో పొంతన లేదు. ఇలాంటి మూసివేతల తర్వాత వేసిన బస్సులు బ్రిటన్ అంతటా చాలాచోట్ల కొన్నేళ్లకే తగ్గిపోయాయి. బస్సుకు పట్టా లేదు, ఎప్పుడైనా ఆపొచ్చని జనానికి తెలుసు. దాన్ని నమ్మి ఎవరూ ఇల్లు కొనరు.

మళ్లీ తెరవడం

1999లో స్కాట్లాండ్‌కి సొంత పార్లమెంటు వచ్చింది, అదే ఏడాది బోర్డర్స్ రైలు కోసం ప్రచార సంఘమూ పుట్టింది. 2006లో వేవర్లీ రైల్వే చట్టం పాసయింది. ఒకప్పుడు రైల్వేదే అయిన నేలను తిరిగి తీసుకోవడానికి చట్టం కావాల్సి వచ్చింది. ఆ దారి మీద ఇళ్లు లేచాయి. కొన్ని చోట్ల రోడ్డు వచ్చింది. షెరిఫ్‌హాల్ దగ్గర ఎడిన్‌బరో బైపాస్ పాత లైన్‌కి అడ్డంగా పడింది. రోజంతా కిటకిటలాడే ఆ రోడ్డును పక్కకి మళ్లించి, కింద వంతెన కట్టి, మళ్లీ రోడ్డును పైకి తేవాల్సి వచ్చింది. హార్డెన్‌గ్రీన్‌లో రౌండబౌట్ మీదుగా కొత్త వంతెన కట్టారు. షాఫేర్ చుట్టుపక్కల పాత బొగ్గు గనుల ఖాళీలు పూడ్చారు. న్యూటన్‌గ్రేంజ్ దగ్గరి 23 కమానుల పాత వంతెన మాత్రం నిలిచే ఉంది, దాన్నే బాగుచేసి వాడుకున్నారు. 1840లలో కట్టిన రాతి పని పనికొచ్చింది. మధ్యలో మనం అమ్మేసుకున్న నేల మాత్రం పనికి రాలేదు.

2015 సెప్టెంబరు 6న రైళ్లు మొదలయ్యాయి, 9న రెండో ఎలిజబెత్ రాణి లాంఛనంగా ప్రారంభించారు. బోర్డర్స్ లైన్ అనే పేరుతో సుమారు 30 మైళ్ల కొత్త లైన్, ఏడు కొత్త స్టేషన్లు, మొత్తం ఖర్చు దాదాపు 35 కోట్ల పౌండ్లు.

దీని పక్కన ఓక్‌హాంప్టన్ పెట్టి చూడండి. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ దగ్గరి ఈ లైన్‌లో రోజువారీ రైళ్లు 1972లో ఆగాయి. కానీ పట్టా ఎత్తలేదు. కారణం పెద్ద దూరదృష్టి ఏమీ కాదు, మెల్డన్ క్వారీ నుంచి పట్టాల కింద పోసే కంకర తేవడానికి గూడ్స్ బండ్లు అవసరమయ్యాయి. 2021 నవంబరులో ప్రయాణికుల రైళ్లు మళ్లీ మొదలయ్యాయి. 4 కోట్ల పౌండ్ల బడ్జెట్ ఇస్తే అందులో ఇంకా మిగిలింది, అనుకున్నదానికి ముందే పూర్తయింది. మైలు లెక్కన చూస్తే బోర్డర్స్ ఖర్చులో నాలుగో వంతు దాకా అవుతుంది. రెండూ సరితూగే పనులు కావు, స్టేషన్ల సంఖ్య వేరు, నేల వేరు, అది ఒప్పుకుంటాను. అయినా తేడాలో పెద్ద వాటా కంకర బండ్లదే.

వచ్చిన జనం, తగ్గించిన పట్టా

బోర్డర్స్ లైన్ కట్టడం గిట్టుబాటవుతుందా అని చూసే 2012 నాటి ఆఖరి బిజినెస్ కేసులో లాభానికీ ఖర్చుకీ నిష్పత్తి 0.5 వచ్చింది. అంటే పెట్టే ప్రతి పౌండ్‌కి అర పౌండ్ ప్రయోజనం. మామూలుగా అయితే ఆ అంకెతో ఫైలు మొదటి గదిలోనే ఆగిపోతుంది. ప్రభుత్వం మిగతా కారణాలు చూసి ముందుకు వెళ్లింది.

మొదటి ఏడాది 12 లక్షలకు పైగా ప్రయాణాలు జరిగాయి. అంతకన్నా ఆసక్తికరం, అంచనా ఎక్కడ తప్పిందన్నది. ఎడిన్‌బరోకి దగ్గరగా ఉన్న షాఫేర్ లాంటి స్టేషన్లలో అనుకున్నంత మంది రాలేదు. దూరంగా ఉన్న గాలషీల్స్, చివరి స్టేషన్ ట్వీడ్‌బ్యాంక్‌లలో అంచనాకి ఎన్నో రెట్లు వచ్చారు. మా లెక్కల పద్ధతి, నగరానికి దగ్గరైతే జనం ఎక్కువ, దూరమైతే తక్కువ అని అనుకుంటుంది. 46 ఏళ్లు రైలు లేని చోట అణిగి ఉన్న అవసరం ఆ పద్ధతికి కనిపించదు, ఎందుకంటే లేని రైలెక్కినవాళ్ల లెక్క ఏ రికార్డులోనూ ఉండదు. 1961లో ఒక్క వారం చూసి జనం లేరన్నారు, 2012లో మోడల్ నడిపి జనం రారన్నారు. రెండు తప్పులూ ఒకే వైపు ఒరిగాయి.

లైన్ వచ్చాక ఇల్లు మారిన ప్రయాణికులను ఆ తర్వాతి మదింపులో అడిగితే, ఆ నిర్ణయంలో రైలు కూడా ఒక కారణమని సగానికి పైగా చెప్పారు.

అంచనా తక్కువ వేసినందుకు కట్టిన మూల్యం పట్టాల్లో కనిపిస్తుంది. ఖర్చు తగ్గించడానికి ఎక్కువ భాగం సింగిల్ లైనే వేశారు. రైళ్లు ఎదురెదురుగా దాటుకునే డబుల్ భాగాలు మూడు చోట్ల కలిపి తొమ్మిదిన్నర మైళ్లే. అరగంటకో రైలు నడిచే లైన్ మీద ఒకటి ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎదుటి రైలు ఆ డబుల్ భాగంలో నిలబడాలి, దాని వెనకది కూడా ఆలస్యమవుతుంది. కొత్త వంతెనలు కొన్ని ఒక్క పట్టా వెడల్పుకే కట్టారు. రేపు రెండో పట్టా వేయాలంటే ముందు వంతెన మార్చాలి. నేల అమ్ముకున్నప్పుడు చేసిన పొరపాటే ఇది, ఈసారి కాంక్రీటులో చేశాం.

ట్వీడ్‌బ్యాంక్ తర్వాత

నేను ఇప్పుడు మూసివేత నోట్ ఏది చూసినా మూడు సంతకాలు విడివిడిగా అడుగుతాను. రైలు ఆపడానికి ఒకటి, పట్టా ఎత్తడానికి ఒకటి, నేల వదులుకోవడానికి ఒకటి. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఏళ్ల తరబడి గడువు పెట్టమంటాను. ఆ గడువులో దారిని కాలిబాటగానో సైకిల్ బాటగానో ఉంచితే నష్టమేమీ లేదు. కాలిబాట అయితే కనీసం దాని మీద ఇల్లు లేవదు. నేల ఊరికే పెట్టుకోవడానికి కంచెకూ వంతెనల తనిఖీకీ ఖర్చవుతుందని ఆర్థిక విభాగం వాళ్లు ప్రతిసారీ అంటారు. అవుతుంది. ఆ ఖర్చు అంకె అడిగి, పక్కన షెరిఫ్‌హాల్ వంతెన కథ రాసి పంపుతాను. ఒక్కోసారి పనిచేస్తుంది.

బోర్డర్స్ లైన్ ట్వీడ్‌బ్యాంక్‌లో ఆగిపోతుంది. అక్కడి కార్ల పార్కింగ్ పొద్దున్నే నిండుతుంది, దక్షిణాన ఉన్న ఊళ్లవాళ్లు కార్లు అక్కడ పెట్టి రైలెక్కుతారు. హాయిక్ ఇంకా 15 మైళ్లకు పైన ఉంది. లైన్‌ని హాయిక్ మీదుగా కార్లైల్ దాకా పొడిగించడం మీద అధ్యయనానికి సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ప్రాంతాల అభివృద్ధి కోసం 2021లో కుదిరిన బోర్డర్‌ల్యాండ్స్ ఒప్పందంలో డబ్బు పెట్టారు. ఆ అధ్యయనం చేసేవాళ్లకు మొదటి చిక్కు రెండు మైళ్లలోపే ఎదురవుతుంది. మెల్రోజ్‌లో పాత స్టేషన్ భవనం చక్కగా నిలబడి ఉంది, బాగుచేశారు కూడా. దాని ముందు పట్టాలున్న చోట ఇప్పుడు బైపాస్ రోడ్డు పోతోంది.